లిడియమ్మతో పంపిన మూటలు

చొప్పదండిలో లిడియమ్మ తెలియని వాళ్లు లేరు, లిడియమ్మ ఇంటి గడప తొక్కిన వాళ్లూ లేరు. ఊరివాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆమె కోపిష్టీ కాదు. పని లేనిదే ఒకరింటికి ఎవరు పోతారు? ఆమెతో ఎవరికీ పని పడలేదు, అంతే.

పని చేసినన్నాళ్లూ ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్. వేసవి సెలవులిచ్చిన రోజు తల్లులూ తండ్రులూ ఆటోల్లో, బండ్ల మీద వచ్చి పిల్లల్ని తీసుకుపోయేవాళ్లు. ఎవరి బిడ్డను వాళ్లకు అప్పజెప్పి, గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపడం లిడియమ్మ వంతు. చివరి పిల్ల కూడా వెళ్లిపోయాక గేటు వేసి, లోపలికొచ్చి, తనొక్కదానికీ అన్నం వండుకునేది. పెళ్లి కుదరలేదు. కుదిర్చేవాళ్లు లేకపోయారు అంటే సరిగ్గా ఉంటుంది. నిర్మల్ పక్కన పుట్టిన ఊళ్లో కన్న అవ్వా బాపూ పోయాక, అన్నల ఇళ్లకు పోతే చుట్టాన్ని చూసినట్టు చూశారు. రిటైరయ్యాక హాస్టల్ గది ఖాళీ చేసి, అలవాటైన ఊరని ఇక్కడే ఓ రేకుల ఇల్లు కిరాయికి తీసుకుంది.

ఈ దిక్కున ఒక మనిషి దుబాయికి పోతున్నాడంటే పోయేది ఒక్కడే, సాగనంపేది జీపెడు మంది. అత్త, మేనత్త, చంకలో పిల్లతో చెల్లెలు, పని లేక ఎక్కిన ఇద్దరు దోస్తులు అందరూ ఏర్పోర్టు దాకా పోతారు. రెండేళ్లకు వాడు దిగిన రోజు మళ్లీ అదే జీపు, అదే మంది. సామాను వాడి చేతిలో ఉండనివ్వరు. లిడియమ్మ ఆ జీపుల్ని కిటికీలోంచి చూసేది. తనెక్కడి నుంచైనా వచ్చి బస్సు దిగితే, "ఇటియ్యి" అని తన చేతిలో సంచి ఒకరు అందుకోవాలని ఆమె ఆశ. చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అలాంటి మనిషి ఓడ ఎక్కాలనుకోవడానికి కారణం మమతారాణి. హాస్టల్ పక్క బడిలో టీచరుగా చేసి, కరీంనగర్‌లో స్థిరపడింది. "సముద్రం సూడకుంటనే సచ్చిపోతమా లిడియా?" అని ఊరించి, బొంబాయి నుంచి గోవా మీదుగా లక్షద్వీపాల దాకా పోయివచ్చే విహారపు ఓడలో ఇద్దరికీ కలిపి ఒక గది తీసింది. తీరా ప్రయాణం దగ్గర పడ్డాక కూతురికి నెలలు నిండకముందే కాన్పు అయింది. "నువ్వు పోయి రా, ఇద్దరి కండ్లతోని నువ్వే సూడు" అంది మమతారాణి. మానేద్దామా అనుకుంది లిడియమ్మ. మానేస్తే మిగిలేది ఆ రేకుల ఇల్లే కదా అని వెళ్లడానికే నిశ్చయించుకుంది.

టికెట్లు తీసిన నాగరాజు కరీంనగర్‌లో ట్రావెల్స్ నడుపుతాడు. గల్ఫ్‌కు పోయేవాళ్లకు చెప్పీ చెప్పీ అతనికి జాగ్రత్తలు నోటికి వచ్చేశాయి. ఓడకు కూడా అదే ధోరణిలో అందుకున్నాడు.

"మేడం, ఒక్క రోజు ముందుగాలనే బొంబాయిల ఉండాలె. బస్సు లేటైతే ఓడ మీకోసం ఆగది. పెద్ద బ్యాగు రేవులనే తీస్కుంటరు, సాయంత్రం దాంక మీ రూముకు రాదు. మందు గోలీలు, ఆధార్ కార్డు, ఒక జత బట్టలు చేతిసంచిలనే ఉంచుకోండ్రి. తినే సామాన్ లోపటికి రానియ్యరు, తొక్కులు అసలే వద్దు. దిగే ముందురోజు బ్యాగు తలుపు బయట పెట్టుమంటరు. తెల్లారి కట్టుకునే చీర గూడ అండ్లనే పెట్టేరు, జర పైలం! మొన్న ఒకాయన లుంగీ మీదనే దిగిండు. దిగినంక ఒకటి రెండు రోజులు నేల ఊగినట్టు అనిపిస్తది, పరేషాన్ గావద్దు. ఇంకోటి, వాపస్ వచ్చినప్పుడు బస్టాండ్‌కు ఎవరొస్తరో ముందుగాలనే చెప్పి పెట్టుకోండ్రి. అలసిపోయి ఉంటరు, ఒక్కరే సామాన్ గుంజుకుంట తిరుగొద్దు."

అన్నిటికీ "సరే" అన్న లిడియమ్మ, ఆ చివరిది విని టికెట్లు మడిచి చేతిసంచిలో పెట్టుకుని లేచింది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు "మన సహోదరి లిడియమ్మ బొంబాయి నుంచి ఓడ ప్రయాణం చేయబోతున్నారు" అని ప్రార్థన చేశారు. అదే కొంప ముంచింది. బొంబాయి అన్న మాట చెవిన పడితే ఇక్కడి పెద్దవాళ్లకు ఇంకో ఊరు గుర్తుకురాదు. వాళ్ల కాలంలో దుబాయికి పోయిన ప్రతివాడూ బొంబాయి మీదుగానే పోయాడు. కుర్రకారైనా దిద్దుతారనుకుంటే, ఆటో వెంకటి ఫోన్లో ఏదో వీడియో వెతికి, "గిదే ఓడ, దుబాయిల ఆగింది సూడుండ్రి" అని అందరికీ చూపించాడు. తెల్లటి ఓడలన్నీ ఒక్కలాగే ఉంటాయని వాడికెవరు చెప్పాలి?

ఆ సాయంత్రమే లిడియమ్మ తలుపు చప్పుడైంది. వచ్చింది బీడీలు చేసే శంకరవ్వ. గడప లోపలికొచ్చి, చాప వేయకముందే నేల మీద కూర్చుంది.

"ఓడల వోతున్నవంట గద చెల్లె. దుబాయిల ఆగుతదంట గద. మా ముత్యంకు గింత మామిడికాయ తొక్కు, నేను చేసిన బీడీలు తెచ్చిన. ఆడు దసరా నుంచి ఫోన్ చేస్తలేడు. కంపెనీ మారిండని ఒకలంటరు, కనవడ్డడని ఒకలంటరు. ఒక్కసారి కండ్లతోని సూసి రా, నీ కాళ్లు మొక్కుత."

ఓడ దుబాయికి పోదని చెప్పడానికి లిడియమ్మ నోరు తెరిచింది. చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ శంకరవ్వ అప్పటికే గోడకు వీపు ఆనించి, "నీ ఇల్లు సల్లగున్నది చెల్లె" అంది. ఆ ఇంట్లోకి వచ్చి కూర్చుని అలా మాట్లాడిన మనిషి అంతకుముందు లేదు. చెప్తే లేచి వెళ్లిపోతుంది. ఇంకాసేపు కూర్చోనీ, తర్వాత చెప్దాం అనుకుంది లిడియమ్మ. చాయ్ పెట్టింది. ఇద్దరూ తాగారు. శంకరవ్వ కొడుకు చిన్నతనం చెప్పుకుంది, ఏడ్చింది, కళ్లు తుడుచుకుంది, మూట అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు చెప్దామనుకునేలోగా బాలలక్ష్మి వచ్చింది, మొగుడికి సకినాలు పట్టుకుని. వెనకే పరశురాములు వచ్చాడు, బామ్మర్దికి పల్లిపొడీ నడుంనొప్పి నూనే ఇచ్చి పొమ్మని. వచ్చినవాళ్లు ఊరికే వెళ్లలేదు. ఒకామె కూర తెచ్చింది. పరశురాములు వంగిన కిటికీ రెక్క సరిచేసిపోయాడు. బాలలక్ష్మి పొద్దుగూకితే చాలు వచ్చి కూర్చునేది. వాళ్లు "అక్కా" అనేవాళ్లు, "ఎన్నడొస్తవ్?" అని అడిగేవాళ్లు. ఎన్నడొస్తావని అడిగే మనుషులు ఉన్నందుకే ఆమెకు కడుపు నిండిపోయేది. చెప్పకపోవడం తప్పని తెలుసు. తెలిసే, ఆ నాలుగు రోజుల సందడి కోసం నోరు కట్టేసుకుంది. తేలు కుట్టిన దొంగకు మల్లే మూటలన్నీ ఒక పెద్ద సంచిలో కుక్కి, ఈ ప్రాంతపు పద్ధతిలో నైలాన్ తాడుతో అడ్డం నిలువు బిగించి, పైన నల్ల సిరాతో పేరూ ఊరూ రాసింది.

బొంబాయి బస్సు దాకా ఆ సంచిని వెంకటే ఆటోలో తెచ్చాడు. బాలలక్ష్మి చెయ్యి ఊపింది. జీవితంలో మొదటిసారి లిడియమ్మ కిటికీకి లోపలి వైపు కూర్చుని చెయ్యి ఊపింది. బస్సు గంగాధర ఊరు దాటేదాకా ఏడుస్తూనే ఉంది.

బొంబాయిలో రేవు దగ్గరి లాడ్జిలో దిగితే, దేవుడు పంపినట్టు జగిత్యాల వైపు మనిషి ఒకతను కనబడ్డాడు. మర్నాడే దుబాయి విమానం. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ముత్యం పేరు, ఊరు చెప్పి, ఈ మూటలు చేర్చు నాయనా అని బతిమాలింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"తప్పువట్టకమ్మా. తెల్వనోళ్ల సామాన్ పట్టుకొని మా ఊరాయన జైల్ల వడ్డడు. అండ్ల ఏమున్నదో నాకేం ఎరుక? నేను ముట్టుకోను."

అతనిది తప్పని ఎలా అంటుంది? సంచి లాడ్జి మేనేజరుకు అప్పజెప్పి, తన బట్టల బ్యాగుతో, చేతిసంచితో ఓడెక్కింది.

ఓడ బాగుంది. దాని గురించి చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు, ఎందుకంటే లిడియమ్మ దాన్ని సరిగా చూడనేలేదు. గదిలో రెండు మంచాలు. శుభ్రం చేసే కుర్రాడు ఇద్దరున్నారనుకుని రెండో మంచం మీద కూడా తువ్వాలతో ఏనుగును మడిచి పెట్టేవాడు. ఆమె దాన్ని విప్పేది కాదు. భోజనాల దగ్గర గుజరాతీ కుటుంబం పక్కన కూర్చోబెట్టారు. వాళ్లు మంచివాళ్లే, నవ్వారు, స్వీటు ఇచ్చారు, తమ మాటల్లో తాము పడిపోయారు. పైకి వెళ్తే అన్ని దిక్కులా నీళ్లే. ఆమె మాత్రం పొద్దుగూకే దిక్కునే నిలబడేది. అటే కదా దుబాయి. ఫోన్ పలకదు. పలికినా ఎవరికి చేస్తుంది?

అక్కడ నిలబడే లెక్కలు వేసుకుంది. బాలలక్ష్మి మొగుడు రోజూ ఫోన్ చేస్తాడు, పరశురాములు బామ్మర్దీ అంతే. ఇచ్చానని అబద్ధమాడితే ఆ పూటే దొరికిపోతుంది. ఒక్క శంకరవ్వ దగ్గరే ఎప్పటికీ దొరకదు. ఇచ్చాను, మంచిగున్నాడు అంటే చాలు, కాదని చెప్పేవాడు ఫోన్ చేయడు. అందుకే ఆ ఒక్క అబద్ధం ఆడకూడదని నిర్ణయించుకుంది. దొరకని అబద్ధం పాపమనుకుంది. బైబిలు చదివిన మనిషి, అలాగే అనుకుంటుంది.

ఓడ దిగింది. తెల్లారి కట్టుకునే చీర చేతిసంచిలోనే ఉంచుకుంది కాబట్టి నవ్వులపాలు కాలేదు. నాగరాజు చెప్పినట్టే నేల ఊగింది. లాడ్జిలో సంచి తీసుకుని, బొంబాయి బస్సెక్కి, కరీంనగర్‌లో మారి, ఊగుతున్న కాళ్లతో చొప్పదండి బస్టాండులో దిగింది.

దిగీ దిగగానే చేతిలో సంచి తేలికైంది. "ఇటియ్యక్కా" అని బాలలక్ష్మి అందుకుంది. పరశురాములు ఉన్నాడు. వెంకటి ఆటో శుభ్రంగా కడిగి తెచ్చాడు. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. "జర సిక్కినవ్ గదక్కా, ఓడల సరిగ పెట్టలేదా?" అని బాలలక్ష్మి భుజం నిమిరింది. ఇన్నేళ్లుగా ఆమె కోరుకున్నదంతా అక్కడ, ఎండలో, ఆమె చుట్టూ నిలబడి ఉంది. శంకరవ్వ మాత్రం కొంచెం దూరంగా, సిమెంటు బల్ల దగ్గర ఆగి, అడగడానికి భయపడుతున్నట్టు చూస్తోంది.

లిడియమ్మ నీళ్లు మెల్లగా తాగింది. అవి అయిపోయేదాకా ఆ సంతోషం తనదే. సీసా మూత బిగించి చెప్పేసింది.

"ఓడ దుబాయికి పోదు. పోదని నాకు ముందుగాలనే ఎరుక. మీ సామాన్ అంత ఆ సంచిలనే ఉన్నది."

అర్థమయ్యాక బాలలక్ష్మి సంచిని కింద పెట్టింది.

"మరి తీస్కునేటప్పుడు నోట్ల ఏం వెట్టుకున్నవమ్మా?" అన్నాడు పరశురాములు. మొన్నటి దాకా అక్కా అన్న మనిషే. మీరు వచ్చి కూర్చుంటారని అంటే ఎవరు నమ్ముతారు? లిడియమ్మ వంగి తాడు ముడులు విప్పింది. ఎవరి మూట వాళ్లు తీసుకున్నారు. తిట్టినా బాగుండేది. బాలలక్ష్మి సకినాలు పొడైపోయాయో లేదో తడిమి చూసుకుని ఆటో ఎక్కింది. వెంకటి లిడియమ్మ వైపు ఒకసారి చూసి, పిలవాలా వద్దా తేల్చుకోలేక, బండి కదిలించాడు.

శంకరవ్వ ఒక్కతే మిగిలింది. దగ్గరకు వచ్చింది.

"అయితే మా ముత్యంను సూడలేదా?"

"సూడలేదక్కా. ఆ దిక్కే పోలేదు. నిన్ను మోసం చేసిన. అందరికంటె నీకే నిజం చెప్పాలనుకున్న."

శంకరవ్వ తొక్కు మూట తీసుకుంది. దానికంటిన దుమ్ము కొంగుతో తుడిచింది. కోపం లేదు ఆ ముఖంలో. తన మూట చంకన పెట్టుకుని, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఇచ్చిన, తీస్కున్నడు, మంచిగున్నడు అంటే నీ సొమ్మేం పోవు చెల్లె? పోయేటప్పుడు నీకోసం ఆడిన అబద్ధం, వచ్చేటప్పుడు నాకోసం ఒక్కసారి ఆడరాకపాయెనా?"