పుస్తెలు పడిన ఎక్స్‌రే

మా బంధువుల్లో ఏ పిల్లకి పెళ్ళి చేసినా, తాళి కట్టడం అయ్యాక ఎవరో ఒక పెద్దామె నా కథ ఎత్తుకుంటుంది. మలయాలో డాక్టర్లు మెడలో పుస్తెలు తీస్తేగానీ ఎక్స్‌రే తియ్యమన్నారట. ప్రాణం పోయినా తియ్యనన్నానట. అంతటి పతివ్రతనట. కొత్త పెళ్ళికూతురు తల వంచుకొని వింటుంది. నేను పక్కనే కూర్చొని ఉంటాను కాబట్టి చెప్పేవాళ్ళకి సాక్ష్యం కూడా దొరికినట్టే. "జరిగింది అది కాదు" అని నేను నోరు తెరవబోతే, "నీకు ప్రతిదానికీ వాదనే అక్కా" అని భోజనాలకి లేస్తారు.

వాదనే. జరిగినదాని మీద నాకు కాకపోతే ఎవరికుంటుంది?

మాది జువ్వలదిన్నె పక్కన సముద్రం ఒడ్డు పల్లె. నాన్న పోయాక ఉప్పుచేపల కొట్టు నడిపి, నన్ను నెల్లూరులో హాస్టల్లో పెట్టి బీయే దాకా చదివించింది మా మేనత్త. చదువు అయిన ఏడే పెళ్ళి. ఆయన మలయాలో ఒక రేవు పట్నంలో, ఓడల కంపెనీ ఆఫీసులో గుమాస్తా. మద్రాసులో ఓడెక్కి ఆయన వెనకాలే వెళ్ళాను. కంపెనీ ఇచ్చిన ఒక్క గది. పొద్దున ఆయన పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి రావడం. చుట్టూ చీనావాళ్ళు, మలాయివాళ్ళు. వాళ్ళ మాట నాకు రాదు. బీయే చదివిన మనిషిని, రోజంతా మాట్లాడటానికి గోడ మీద బల్లి తప్ప దిక్కు లేక కూర్చున్నాను.

ఆ వానల్లో దగ్గు పట్టుకుంది. నెల దాటినా వదల్లేదు. ఎక్స్‌రే తీయించాలని కంపెనీ కాంపౌండరు చెప్పాడు. ఆ ఊళ్ళో సర్కారు ఆసుపత్రి ఉంది. కిటికీ దగ్గర నామమాత్రం రుసుము కట్టి, వరసలో నిలబడి తీయించుకోవచ్చు. ఆయన వద్దన్నారు.

"అక్కడ పేరు రాసుకుంటారు, పని చేసే కంపెనీ పేరూ రాసుకుంటారు. నీకు క్షయ అని తేలిందనుకో, రేపు ఈ గది కూడా ఉండదు మనకి."

"ఉన్నదాన్ని దాచిపెడితే తగ్గుతుందా?"

"నీతో మాట్లాడటం కంటే ఓడకి ఎదురీదడం సులభం," అన్నారు. మర్నాడు ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ రుసుము ఆయన జీతంలో చెప్పుకోదగ్గ ముక్క. డబ్బు ముందు కట్టాలి. ఆయన కౌంటరు ముందు నిలబడ్డారు. నన్ను లోపలికి పంపారు.

లోపల ఒక చీనా అమ్మాయి. చీకటి గది, చల్లటి పలక. నా మెడ చూపించి, అన్నీ తీసెయ్యమని సైగ చేసింది. గొలుసు తీశాను. పసుపుతాడు కూడా చూపించింది. అప్పుడు ఆగాను. దీన్నే పతివ్రత కథ చేసి చెప్పుకుంటున్నారు. నాకప్పుడు గుర్తుకొచ్చింది సావిత్రీ కాదు, అనసూయా కాదు. మా వైపు పుస్తెలు తీయవలసి వస్తే ఏం చేస్తారో అది. అరిగిన తాడు మార్చినా, కంసాలికి ఇచ్చినా, ముందు ఒక పసుపు కొమ్ము దారానికి గుచ్చి మెడలో వేసి, ఆ తర్వాతే పాతది తీస్తారు. మెడ బోసిగా ఉండే క్షణం ఉండకూడదు. అంతే. అది ఒంటరిగా చేసుకునే పని కాదు. ఒకరు వేస్తే ఒకరు తీస్తారు. పసుపు కొమ్ములు ఇంటి దగ్గర మా గదిలో డబ్బా నిండా ఉన్నాయి. తెచ్చిచ్చే మనిషి బయట ఉన్నాడు.

"ఏమండీ," అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. తలుపు ఓరగా తెరిచే ఉంది. కౌంటరు దగ్గర చిల్లర మోగుతోంది. ఆయన రాలేదు.

ఆ అమ్మాయి చేతి గడియారం చూసుకుంది. నేను పుస్తెల్ని వెనక్కి, వీపు మీదికి తోసేసి పలకకి ఆనుకొని నిలబడ్డాను. ముందు కనపడకపోతే చాలు కదా అనుకున్నాను. కాలేజీలో చదివిన సైన్సు ఆ పూట ఎటు పోయిందో తెలియదు.

సాయంత్రానికి ఫిలిం చేతికిచ్చారు. డబ్బు కట్టిన వాళ్ళకి ఫిలిం సొంతం, అదీ అక్కడి మర్యాద. కుడి వైపు పైన తెల్లగా, గుండ్రంగా రెండు బిళ్ళలు. డాక్టరు నవ్వాడు. ఇవి నీ నగలు, వీటి వెనక ఏముందో చెప్పలేను, మళ్ళీ తీయాలి అన్నాడు. మళ్ళీ అంటే మళ్ళీ రుసుము.

ఇంటికి తిరిగొచ్చి ఆయన గది తలుపు తీస్తూ, "ఊరికి పో. అక్కడ నీళ్ళు, గాలి పడతాయి. మీ అత్త చూసుకుంటుంది. తగ్గాక పిలిపిస్తాను," అన్నారు.

అలా ఆ ఫిలిం చంకలో పెట్టుకొని బిట్రగుంటలో రైలు దిగాను.

మేనత్తకి నేను వచ్చినందుకు దిగులు, ఫిలిం వచ్చినందుకు గర్వం. మా పల్లెలో అలాంటిది చూసినవాళ్ళు లేరు. వచ్చిన వాళ్ళందరికీ వాకిట్లోకి తెచ్చి సూర్యుడికి అడ్డం పెట్టి చూపించింది.

"ఇది మా పిల్ల రొమ్ము. ఇవి పక్కటెముకలు. ఇవి పుస్తెలు, మేం చేయించినవే."

"పుస్తెలు బంగారం గదమ్మా," అంది ఎదురింటి ఆమె. "మిగతాదంతా నల్లగా పడి, అవి మాత్రం తెల్లగా పడతాయా? చిల్లులు గాబట్టి వెలుతురు వస్తాండాది."

"నోరు మూసుకోమే. నీకేం తెలుసు ఫోటోల సంగతి."

నోరు ఎవరూ మూసుకోలేదు. వారం తిరిగేసరికి ఊపిరితిత్తులకి రెండు చిల్లులు పడితే మొగుడు ఓడెక్కించి పంపాడని సరుగుడు తోటల దాకా పాకిపోయింది. మా అరుగు మీద కూర్చొని వలలు అల్లే ఆడవాళ్ళు పక్కింటి అరుగుకి మారారు. చేపలు ఎండబెట్టే చోట నేను నిలబడితే గాలి వాటం చూసుకొని అవతలికి జరిగేవాళ్ళు. మేనత్త నన్ను నమ్మింది. నమ్మి కూడా, నేను తాగే గ్లాసుకి గుర్తుగా ఎర్రదారం కట్టింది.

"నమ్మితే దారమెందుకు అత్తా?"

"ఎందుకైనా మంచిది గదా పాపా. గమ్మున తాగు."

గమ్మునే తాగాను. ఆ దారం తడిసి ఆరి, రంగు పోయి తెల్లబడింది. దాన్ని మార్చి కొత్తది కట్టింది. అప్పుడు మాత్రం మేనత్త ముఖం చూడలేకపోయాను.

దగ్గు దానంతట అదే తగ్గింది. తగ్గిందని నేనంటే సరిపోదు కాబట్టి నెల్లూరు సర్కారు ఆసుపత్రికి పోయాం. పైసా అడగలేదు. వరండాలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు, అదే రుసుము. నా వంతు వచ్చేసరికి మేనత్త కొంగు ముడి విప్పింది. పసుపు కొమ్ము, తడి దారం సిద్ధం. గది గుమ్మంలోనే నా మెడలో వేసి, పుస్తెల తాడు తల మీదుగా తీసి తన గుప్పెట్లో దాచుకుంది. రెప్పపాటు పని. ఎక్స్‌రే గది మనిషి అటు తిరిగి నిలబడ్డాడు. ఇలాంటివి రోజూ చూసేవాడిలాగే ఉన్నాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏందే, భయమా?" అంది.

"కాదు. ఇంతేనా అని."

ఏమీ లేదు, శుభ్రంగా ఉంది అన్నాడు డాక్టరు. ఫిలిం మాత్రం ఇవ్వనన్నాడు. ఊరకే తీసింది ఆసుపత్రి సొత్తు. కావాలంటే చీటీ రాసిస్తానని ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసిచ్చాడు. మా పల్లెలో ఆ చీటీ ఎవరికి కావాలి? "చీటీ ఎవరైనా రాస్తారు, ఫోటో ఏదీ?" అన్నారు. డబ్బు కట్టి తెచ్చుకున్న మచ్చల ఫిలిం మా ఇంట్లో, ఊరకే తీసిన మంచి ఫిలిం నెల్లూరు బీరువాలో.

ఈ సంగతి మలయాకి రాస్తే ఆయన జవాబూ అదే పాట. ధర్మాసుపత్రి మాట నమ్మలేం, ప్రైవేటులో తీయించి ఫిలిం పంపు, అప్పుడు టిక్కెట్టు చూస్తాను. నాకు మండింది. డబ్బు తీసుకున్న చోట తేల్చలేకపోయారు, తీసుకోని చోట తేల్చారు, ఇంక మళ్ళీ డబ్బెందుకు కట్టాలని రాశాను. నా వాదనలో తప్పు లేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆ వాదన పట్టుకొని ఒక తుఫానుల కాలం మొత్తం సముద్రం హోరు వింటూ ఒక్కదాన్నే పడుకున్నాను. మరుసటి ఏడు వానలు మొదలవుతుంటే ఇంక చాలనుకొని నెల్లూరు పోయి ప్రైవేటులో కట్టేసి తీయించుకున్నాను. మేనత్తే వచ్చింది, కొంగున పసుపు కొమ్ముతో.

ఫిలిం పోస్టులో వెళ్ళింది. టిక్కెట్టు రాలేదు. కొన్నాళ్ళకి మనిషే వచ్చాడు, కంపెనీ మూసేశారని, ఒక ట్రంకు పెట్టెతో. పెట్టె అడుగున నా ఫిలిం ఉంది. భోజనం చేశాక కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకి పట్టుకొని చాలాసేపు చూశారు.

"ఇందులో పుస్తెలు లేవే," అన్నారు.

"ఇది తీసినప్పుడు పక్కన మనిషి ఉండారు," అన్నాను.

ఆయన ఫిలిం మడత పడకుండా గోడకి ఆనించి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు. అప్పటికే కడుక్కున్న చెయ్యి.

ఆ తర్వాత నెల్లూరులోనే ఉద్యోగం దొరికింది, కాపురం సాగింది, ఇప్పుడూ సాగుతోంది. మేనత్త లేదు. గ్లాసులకి దారాలు లేవు. చిల్లుల కథ పోయి, ఆ నోళ్ళలోనే పతివ్రత కథ మిగిలింది. పెళ్ళిళ్ళలో ఆ కథ చెప్పినప్పుడల్లా ఆయన కూడా మగవాళ్ళ పంక్తిలో కూర్చొని వింటారు, కాదనరు, ఔననరు. ఇంటికొచ్చాక అడుగుతాను. ఏ రోజు సంగతి అంటారు. చెబుతాను. నిద్రొస్తోందంటారు. పతివ్రతని కాదని ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు, నాకు కావలసింది వేరే. ఆ పూట తలుపు ఓరగా తెరిచే ఉంది, కౌంటరు నాలుగడుగుల దూరం, నేను పిలిచింది తెలుగులో. అది ఆయన చెవిన పడిందా, లేదా?