ట్రే ఎత్తి చూసిన అమ్మాయి

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది అది. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజర్‌లో వచ్చి, ఏలూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఆక్వాకల్చర్, అంటే చేపలూ రొయ్యల పెంపకం చెప్పేదాన్ని. ఫైనల్ ఇయర్‌లో ప్రతి ఒక్కరూ సెమినార్ ఇవ్వాలి. క్లాసు ముందు నిలబడి పది నిమిషాలు ఒక అంశం వివరించాలన్నమాట. అది ఇవ్వకపోతే ఇంటర్నల్ మార్కులు పోయినట్టే.

ఆ క్లాసులో నాగలక్ష్మి అనే అమ్మాయిది కైకలూరు పక్కన పల్లె. వాళ్ల నాన్న రొయ్యల చెరువు మీద పనిచేస్తాడు. ఆ పిల్లకి మాట మెత్తన, భయం ఎక్కువ. సాయం చేద్దామని ఆమె స్లైడ్లు నేనే తయారుచేశాను. ఇరవై రెండు! ఒక్కోదాని నిండా ఇంగ్లీషే. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ రోజు ఆమె క్లాసుకి వీపు పెట్టి, తెరవైపు తిరిగి చదవడం మొదలుపెట్టింది. మూడో స్లైడ్ దగ్గర ఒక ఇంగ్లీషు మాట మీద తడబడి ఆగిపోయింది. నా నోరు ఊరుకోదు కదా, "చూసి చదవడానికి కూడా ఏంటమ్మా కష్టం?" అనేశాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "ఇంక నేను కాలేజీకి రానండీ. టీసీ ఇప్పించండి మేడం," అంది. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. నా ప్రాణం ఉసూరుమంది. ఆ మాట నా వల్లే వచ్చిందని నాకు తెలుసు.

ఆమెను కూర్చోబెట్టి చెరువు సంగతులు అడిగాను. "మేత ఎంత వెయ్యాలో మీ నాన్నగారికి ఎలా తెలుస్తుందమ్మా?"

"చెక్ ట్రే ఉంటుంది కదండీ," అంది. వల బిగించిన పళ్లెం అది. కాస్త మేత వేసి నీళ్లలోకి దించుతారు. "రెండు గంటలకి ఎత్తి చూస్తామండీ. మేత మిగిలిపోతే తర్వాత పూట తగ్గించేస్తాం. ప్రేమకొద్దీ ఎక్కువేస్తే అడుక్కెళ్లి కుళ్లిపోద్దండీ. రొయ్యే చచ్చిపోద్ది."

నాకు చురుక్కుమంది. "అయితే నిన్న నీకు నేను ఎక్కువేసేశానన్నమాట."

ఆమె తలొంచుకుని నవ్వింది. "మీరు ట్రే ఎత్తలేదండీ."

నా స్లైడ్లన్నీ తీసేశాం. వాటి బదులు వాళ్ల చెరువు ఫొటోలు ఐదు పెట్టాం. ఏ ఫొటోకి ఏం చెప్పాలో తన మాటల్లో తనే రాసుకుంది. ఖాళీ క్లాసులో నాకు నాలుగుసార్లు చెప్పి చూపించింది. ఒక్కో ఫొటో అయ్యాక ఆగి అందరి ముఖాలూ చూడాలన్న నియమం కూడా తనే పెట్టుకుంది.

వారం తర్వాత మళ్లీ సెమినార్. ఆ రోజు కైకలూరు బస్సులో చెక్ ట్రేనే పట్టుకొచ్చింది. మొదటి ఫొటో బాగానే సాగింది. రెండో ఫొటో అయ్యాక ఆగిపోయింది. ఎంతకీ నోరు విప్పదే! అయ్యో, మళ్లీ మర్చిపోయిందనుకుని వెనక బెంచీ నుంచి నేను మాట అందించబోయాను.

"ఉండండి మేడం, ట్రే చూసుకుంటున్నాను," అంది.

క్లాసంతా గొల్లుమంది. ఈసారి ఆమె కూడా నవ్వింది. ముందు బెంచీలో ముఖం చిట్లించిన అమ్మాయిని చూసి, "నీకు అర్థం కాలేదు కదూ?" అని ఆ ముక్క మళ్లీ చెప్పింది. పది నిమిషాలు కాస్తా పదిహేనయ్యాయి. నేను ఆపలేదు, కళ్లు తుడుచుకునే పనిలో ఉన్నాను.

టీసీ మాట మళ్లీ రాలేదు. సెమినార్ ఎలా ఇవ్వాలని పిల్లలు అడిగితే ఇప్పటికీ ఆ ట్రే గురించే చెబుతాను. కానీ అసలు పాఠం నాకు. అన్నేళ్లూ గంట కొట్టేదాకా మేత వేస్తూనే ఉన్నాను, ఎవరు తిన్నారో ఒక్కనాడూ చూడలేదు.