జాబితాలో లేని తలుపు

ఖాలా పోయిందన్న కబురు నాకు మా భవనం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "కింది రూమ్ ఖాలా ఈ ఉదయం గుండె ఆగి చనిపోయారు" అని ఒకే ఒక్క వాక్యం. దానికి పైన, ఈ హాలోవీన్‌కు పిల్లలు ఏయే ఫ్లాట్లకు వెళ్ళవచ్చో పేర్లు అడిగే సందేశం. కింద వరుసగా జోడించిన చేతుల బొమ్మలు, ఆ వెంటనే "మూడో అంతస్తు వాళ్ళు ఇంకా పేర్లు ఇవ్వలేదు" అన్న హెచ్చరిక. అప్పుడు నేను క్లినిక్‌లో ఒక బిడ్డ చేతి మీద ఎలర్జీ పరీక్షకు లేచిన దద్దుర్లను స్కేలుతో కొలుస్తున్నాను. కొలతలు రాసి, తల్లికి వివరంగా చెప్పి పంపాక కూర్చున్నాను. కోపం అప్పుడు మొదలైంది. అది ఇంకా తగ్గలేదు; ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ఒమాన్‌లో, అల్ హైల్‌లోని మా నాలుగంతస్తుల భవనం కాపలాదారు భార్య ఆమె. సొంత ఊరు కడప దగ్గర. పార్కింగ్ పక్కన ఒక్క గదిలో కాపురం. ఖాలా అంటే వాళ్ళ ఇంటి భాషలో పిన్ని. రంజాన్ నెల సగం గడిచిన సాయంత్రం, ఇఫ్తార్ ముగియగానే, వీధిలోని ఒమానీ పిల్లలు రెండేసి రాళ్ళు టకటకలాడిస్తూ, పాడుతూ, సంచులు పట్టుకుని ఇంటింటికీ వస్తారు. ఆ వేడుకను ఖరన్‌ఖషో అంటారు. ఆ చప్పుడుకు మా భవనంలో చాలా తలుపులు తెరుచుకునేవి కావు. ఖాలా మాత్రం వేరుశెనగ ఉండల పళ్ళెంతో గడపలోనే ఉండేది. మోకాళ్ళ నొప్పులున్నా ప్రతి బిడ్డ ముందూ వంగి, పేరు అడిగి, సంచిలో వేసేది. పాలపళ్ళు ఊడినవాళ్ళ కోసం మెత్తని ఉండలు విడిగా ఉంచేది.

కొన్నేళ్ళ క్రితం మా ఫ్లాట్లవాళ్ళు హాలోవీన్ మొదలుపెట్టారు. ఆ మొదటి ఏడాది మంత్రగత్తె వేషంలో ఉన్న మా అమ్మాయిని చూసి ఖాలా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పొరక పట్టుకోని యాడికి పోతాండావే? ఊడ్చేదుంటే మా పార్కింగ్ ఊడ్చు!"

"దయ్యాలు గూడా ఉంటలు తింటాయా?" అన్నాడు లోపలి నుంచి ఆమె భర్త.

"మన పెండ్లిలో నీ చెల్లెలు తినలా?"

ఇంత నవ్వు నవ్వి, నా వైపు తిరిగి అన్నది: "సంచి చాపిన బిడ్డను ఇది ఏం పండగని అడగరాదు డాక్టరమ్మా. ఏసి పంపాల, అంతే."

రెండేళ్ళ క్రితం హాలోవీన్ నాడు నాలుగో అంతస్తు పాపకు పెదవులు వాచి, ఊపిరి అందలేదు. ఇంజెక్షన్ ఇచ్చింది నేనే. కారణం దుకాణంలో కొన్న చాక్లెట్టు. రేపర్ వెనక చిన్న అక్షరాల్లో వేరుశెనగ అని ఉంది, ఎవరూ చదవలేదు. ఖాలా చదువుకోలేదు, కానీ ఆ పాపకు శెనక్కాయలు పడవని ఆమెకు ముందే తెలుసు. ఎప్పుడూ ఖర్జూరమే ఇచ్చేది.

భవనం కమిటీ నన్ను సలహా అడిగింది. లేబుల్ చదవమని, వేరుశెనగ ఉన్నవి విడిగా పెట్టమని నాలుగు వాక్యాలు రాసిచ్చాను. గ్రూపులోకి వచ్చింది ఒక్కటే: "డాక్టర్ గారి సలహా మేరకు ఇంట్లో చేసిన తినుబండారాలు నిషేధం." నేను అనని మాట అది. ల్యాబ్ నివేదికలో దశాంశ బిందువు జరిగినా ఒప్పుకోని దాన్ని, ఇరుగుపొరుగుతో గొడవెందుకని ఊరుకున్నాను. నా కోపంలో మొదటి వాటా నాకే చెందుతుంది.

పోయిన ఏడు ఖాలా మెట్లెక్కి మా ఇంటికి వచ్చింది.

"శెనక్కాయ లేకుండ చేస్తే తీసుకుంటారా డాక్టరమ్మా, పిల్లోల్లు?"

ఏం వాడాలో, గిన్నెలు ఎలా విడిగా ఉంచాలో చెప్పాను. కొత్త బాణలి, కొత్త గరిటె కొన్నది. బొరుగులు, బెల్లం, అంతే. ప్రతి ఉండనూ సంచిలో పెట్టి అంచు అతికించింది. ఏమేం ఉన్నాయో నేను లేబుళ్ళు రాశాను, ఆమె అంటించింది. ఈసారి గ్రూపులో పూర్తి వివరం నేనే పెట్టాను. అందరూ బొటనవేళ్ళు పైకెత్తారు. పిల్లలకు ఇచ్చే ఫ్లాట్ల జాబితాను మాత్రం నేను తెరిచి చూడలేదు.

హాలోవీన్ సాయంత్రం డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి, ఖాలా పండగ ఓణీ కప్పుకుని తలుపు ముందు కుర్చీలో కూర్చుని ఉంది. ఒడిలో నిండు పళ్ళెం. వేషాల పిల్లలు ఆమె ముందు నుంచే లిఫ్టు వైపు పరుగెత్తుతున్నారు. ఎముకల గూడు వేషంలోని ఒక చిన్నవాడు ఆగి సంచి చాపబోయాడు.

"అక్కడ కాదు నాన్నా, మన లిస్టులో లేదు. పద, పద" అని తల్లి చెయ్యి పట్టి తీసుకుపోయింది.

"తొందరలో ఉండారు లేమ్మా. వచ్చేటప్పుడు వస్తారు" అంది ఖాలా నాతో.

రాలేదు. జాబితా తయారుచేసిన రెండో అంతస్తు ఆవిడ తలుపు తట్టాను.

"కావాలని కాదండీ డాక్టర్ గారూ. ఆ రూమ్‌కి నంబర్ లేదు కదా, ఎక్సెల్‌లో ఎక్కడ పెట్టమంటారు?"

"ఖాలా అని రాయొచ్చు కదండీ."

"ఒకరికి నంబరు, ఒకరికి పేరా? ఫార్మాట్ పాడైపోతుందండీ."

దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఆవిడ పిల్లలిద్దరూ నడక నేర్చిన నాటి నుంచి ఏ నంబరూ లేకుండానే ఆ తలుపు దగ్గరికి వెళ్ళారు.

మర్నాడు ఖాలా ఆ సంచులన్నీ వెనక వీధి వర్క్‌షాపుల్లో పంచింది. "దయ్యాలు రాలా. మీరన్నా తినండి" అన్నదట. నాతో ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. అందుకే ఆ మాటలు నేను అనవలసి వస్తోంది. ఈ ఏడు జాబితాలో మొట్టమొదట ఆమె గదిని చేర్చమని, ఆమె పోవడానికి మూడు రోజుల ముందే కమిటీకి రాశాను. "చూద్దామండీ" అని జవాబొచ్చింది. చూసే వ్యవధి ఆమెకు లేకపోయింది.

ఖననం ఇక్కడే జరిగింది. భర్త కూతుళ్ళను చూడటానికి కడప వెళ్ళాడు. తిరిగి వచ్చాక ఆయనకు టెర్రస్ మీద గది ఇస్తారట. కింది గదిని పార్సిళ్ళు దాచడానికి తీసుకున్నారు. ఇప్పుడు దానికి నంబరు కూడా ఇచ్చారు.

నిన్న సాయంత్రం కిందికి వెళ్తే జగిత్యాల పెయింటరు ఒకతను ఆ తలుపుకు రంగు వేస్తున్నాడు. తలుపు కింది సగంలో, నా నడుము ఎత్తుకు మించకుండా, పాత రంగు చిన్న చిన్న మచ్చలుగా అరిగి ఇనుము బయటపడింది.

"ఏందమ్మా ఇది, గింత కిందికి గిట్ల అరిగింది? కుక్క గిట్ల గీకిందా?"

"పిల్లలు తట్టి అరిగింది" అన్నాను. "కొందరు రాళ్ళతో కూడా."

అతను ఒక క్షణం రోలర్ పక్కన పెట్టి, ఆ మచ్చల మీద అరచేయి ఆనించి చూశాడు. "ఒక్క కోటింగ్‌కు పోవమ్మా ఇవి" అన్నాడు. తడి తెలుపు కింద అవి ఇంకా కనబడుతూనే ఉన్నాయి. అతను రెండో కోటింగ్ కోసం డబ్బాలో రంగు కలపసాగాడు.