మొదటి పిడికెడు

మా అక్క విత్తనానికి వేరుశనగ కాయలు వలిచేటప్పుడు చేతుల వైపు చూసేది కాదు. తాలుగింజ తగిలితే ఆమె బొటనవేలే దాన్ని పక్కకు నెట్టేసేది.

పామిడి దగ్గర మా ఊళ్లో విత్తే రోజున, చేయి మంచిదనుకున్న బిడ్డతో గింజలు జార్చే గొర్రులో మొదటి పిడికెడు పోయించేవారు. కరువు తర్వాత వాన పడిన ఏడు నాయన ఆ గింజలు నా దోసిట్లో పెట్టాడని నా జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నాను. అచ్చుకు ముందు ఆ పేజీ అక్కకు చదివి వినిపించాను.

ఆమె వలవడం ఆపలేదు. "అది నీ చెయ్యి గాదురా, నాది. నువ్వు గట్టుమీద కూసోని ఏడుస్తాంటివి" అంది.

ఆ ఏడుపు అప్పుడు గుర్తొచ్చింది. నెల రోజులు కుస్తీపట్టి రాసిన పేజీని ఆమె రెండు మాటల్లో లాగేసుకుంది.

నా ముఖం చూసి, "పోనీలేరా, నీదేనని రాసుకో. నేనేం చేసుకుంటా దాన్ని?" అంది. ఉన్నవాళ్లకే అంత తేలిగ్గా ఇచ్చేయడం చేతనవుతుంది.

అలాగే అచ్చు వేయించాను. పుస్తకంలో గింజలు నా దోసిట్లోనే ఉన్నాయి. ఎప్పుడు ఆ పేజీ తెరిచినా, నాయన మాత్రం అక్క వైపే చూస్తుంటాడు.