బెల్టు మీద రెండు గాట్లు

తెల్లవారగానే చిర్రుబుర్రుల మేస్త్రీ చేసే మొదటి పని, గాలి పంపును తన సైకిల్ కొట్టు బయట మేకుకు తగిలించడం. కొట్టు తెరవడానికి ఇంకా గంట ఉంటుంది. పొద్దున్నే పనులకు పోయేవాళ్ళు ఎవరినీ అడగకుండా గాలి కొట్టుకోవాలని ఆయన ఏర్పాటు. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క రోజూ తప్పలేదు. తగిలిస్తూ తగిలిస్తూ, నిన్న దాన్ని నేల మీద పడేసి పోయినవాణ్ణి తిట్టడమూ తప్పలేదు. దేవుడు ఆ చేతికిచ్చిన మంచితనంలో పిసరంత నాలుకకూ ఇచ్చి ఉంటే బాగుండేదని భార్య అంటుండేది.

ఆ రోజు పంపు తగిలించకముందే కోపం నసాళానికంటి ఉంది. మంచాన పడ్డవాళ్ళకు ఇంటింటికీ వెళ్ళి పుండ్లకు కట్లు మార్చే నర్సమ్మ సైకిలు ఐదు రోజులుగా కొట్టులో మూలన పడి ఉంది. దానికి గొలుసు ఉండదు, పళ్ళున్న నల్లటి బెల్టు ఉంటుంది. నాలుగు నెలల కిందట ఆయనే వేసిన బెల్టు తెగిపోయింది. మళ్ళీ తెప్పించినది నిన్న సాయంత్రమే చేరింది. నడిచి తిరిగితే నర్సమ్మకు ఎనిమిదిళ్ళలో ఐదిళ్ళే అవుతున్నాయి. గుట్ట చివరి ముసలామె కాలికి కట్టు మార్చి మూడు రోజులైంది.

నర్సమ్మ సంచీ భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

“బాబాయ్, ఇవాళైనా అవుతుందా?”

“అవుతుంది. మళ్ళీ నాలుగు నెలలకు తెంపుకొస్తావ్. ఏళ్ళ తరబడి ఉండాల్సిన బెల్టు! సైకిలనుకున్నావా, ఎడ్లబండనుకున్నావా? ఏం మోశావు దాని మీద?”

“దూదీ, గుడ్డపట్టీలూ.”

“దూదికి బెల్టు తెగుతుందా? నా చెవిలో పువ్వులు పెట్టకు!”

ఐదు రోజులుగా దారిన పోయే ప్రతివాడికీ ఆయన ఇదే మాట చెబుతున్నాడని ఆమెకు తెలుసు. అటు తిరిగి, అప్పుడే ఎవరో నేల మీద వదిలేసి పోయిన పంపును తీసి, దుమ్ము దులిపి, మేకుకు తగిలించింది.

మేస్త్రీ చట్రం వెనక ఉన్న అతుకు మరలు విప్పి, ఆ సందులోంచి కొత్త బెల్టును లోపలికి దూర్చాడు. గొలుసయితే లంకె విప్పి ఎక్కించవచ్చు. ఇది అతుకు లేని వలయం, చట్రమే దారి ఇవ్వాలి. మరలు బిగించి, ముందు పళ్ళచక్రానికి తగిలించాడు. వెనకదాని మీదికి మాత్రం బెల్టు రాలేదు. వెనక చక్రం వదులు చేసి కాస్త ముందుకు జరిపితే దానంతటదే వస్తుంది. “అంత తీరిక ఎవడికుంది?” అని గొణుక్కుంటూ, టైర్లు ఎక్కించే అలవాటు కొద్దీ, బెల్టును మీటి ఎక్కించడానికి పాత స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

భార్య మంచినీళ్ళ చెంబు తెచ్చి నర్సమ్మకు ఇచ్చింది. చీపురు పట్టి ఊడుస్తూ, కాలికి తగిలిన పాత బెల్టును పైకెత్తింది.

“ఇదేంటండీ, తెగిన చోట ఎలక కొరికినట్టు రెండు గాట్లు?”

“కొట్లో ఎలక ఎక్కడిదే? ఇటివ్వు!”

లాక్కుని వెలుతురులో చూశాడు. అంచున, సరిగ్గా తెగిన చోట, పక్కపక్కనే రెండు గాట్లు. మధ్య సన్నటి ఎడం. ఆయన చూపు మెల్లగా తన చేతిలోకి దిగింది. ఆ స్క్రూడ్రైవర్ కొస ఎప్పుడో విరిగి, మధ్యలో నొక్కు పడి, రెండు పళ్ళుగా మిగిలింది. దాన్ని గాట్ల మీద ఆనించాడు. తాళానికి తాళంచెవిలా కుదిరింది. నాలుగు నెలల కిందటా ఆయనకు తీరిక లేదు మరి.

స్క్రూడ్రైవర్‌ను గోడకేసి కొట్టాడు. మేకుల డబ్బా బోర్లాపడింది.

“ముప్ఫై ఏళ్ళ చెయ్యట! దీని మొహం మండ! అవతల ముసలామె కాలు కుళ్ళుతుంటే, ఇక్కడ కూర్చుని ఈ పిల్లని ఆడిపోసుకున్నానా?”

“ఎలక దొరికింది,” అంది భార్య మెల్లగా, మేకులు ఏరుతూ.

నర్సమ్మ నవ్వు ఆపుకుంది. “పోనీలే, కోప్పడకు బాబాయ్. ఇంకా పొద్దుంది, గుట్ట దాకా వెళ్ళొస్తాను.”

“కోప్పడకు అనకు! రావాల్సిన కోపమే ఇది. ఐదు రోజులు దాన్ని తప్పుడు ఇంటికి పంపాను.”

మళ్ళీ చతికిలబడి, వెనక చక్రం నట్టుకు పానా తగిలించాడు. ఒకటి వదులైంది. రెండోది మొండికేసింది. ఆయనకు తెలియకుండానే చెయ్యి గోడ వారనున్న స్క్రూడ్రైవర్ వైపు సాగింది. నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

“అమ్మాయ్, నాకొక్క సాయం చేసి పెట్టు.”

“చెప్పు బాబాయ్.”

“ఆ స్టూలు ఇటు లాక్కుని నా పక్కన కూర్చో. ఈ చెయ్యి మళ్ళీ దాని మీదికి పోయిందా, వీధంతా వినబడేలా నన్ను తిట్టు. నేను నిన్ను తిట్టినట్టే, ఒక్క మాట తగ్గించకుండా.”