సరస్సు కనబడని మధ్యాహ్నం

హెర్లిండా కోచాచిన్ పన్నెండేళ్లుగా మా మున్సిపాలిటీ మేడమీది గదిలో కూర్చుని ఒక సరస్సును కనిపెట్టుకుని ఉండేది. కాలినడకన అక్కడికి ఎనిమిది గంటలు. మంచుకొండ ఏటేటా కరిగి అందులోకి దిగుతోంది. ఆ నీటిని ఆపుతున్నది రాళ్లూ మట్టీ పేరుకున్న గట్టు, ఎవరూ కట్టింది కాదు. అక్కడి నీటిమట్టం అయిదు నిమిషాలకోసారి ఆమె కంప్యూటరుకు చేరేది. ఊళ్లో సైరన్లు మోగించాలన్నా ఆ కంప్యూటరే దిక్కు. నేను కింది గదిలో జనన మరణాల రిజిస్టర్లు రాసేవాణ్ణి.

మా వైపు వానలు ఇంకా తగ్గని మార్చి నెలాఖరు. జిల్లాలోని కంప్యూటర్లన్నీ పాత నెట్‌వర్క్ నుంచి తప్పించి కొత్తదాంట్లో చేర్చాలని ఉత్తర్వు వచ్చింది. జిల్లా కేంద్రం నుంచి ఒక కుర్ర టెక్నీషియన్ ఫోనులో చెబుతుంటే హెర్లిండా చేసుకుంటూ పోయింది. మధ్యలో తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. నెట్‌వర్క్ వదిలాక లోపలికి రావాలంటే ఈ యంత్రానికి సొంతంగా ఉన్న అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ తెలిసి ఉండాలని దాని సారాంశం. ఆమె ఆగి, అది ఎవరి దగ్గర ఉందని అడిగింది.

“ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది లెండి సెన్యోరా. ‘సరే’ నొక్కండి” అన్నాడతను.

నొక్కింది. కంప్యూటరు ఆగి మళ్లీ లేచింది. ఆమె పేరూ పాస్‌వర్డూ ఇస్తే తప్పన్నది. మూడుసార్లు ఇచ్చినా అదే మాట. ఆ పేరు పాత నెట్‌వర్క్‌ది, ఇప్పుడు ఆ యంత్రానికి మీరెవరో తెలియదు అన్నాడు టెక్నీషియన్. తానే వచ్చి సరిచేద్దామంటే దారిలో కొండచరియ విరిగిపడి ఉందట. రేపు చూద్దామన్నాడు.

రెండు గంటలకు సరస్సు దగ్గర కాపలా ఉండే ఎపిఫానియో రేడియోలో పిలిచాడు. వయసు మళ్లిన మనిషి, ఎప్పుడూ నింపాదిగా మాట్లాడేవాడు. ఆ రోజు గొంతు వేరుగా ఉంది.

“అమ్మాయ్, పైన పెద్ద మంచుపెళ్ల విరిగి పడింది. నీళ్లు ఊగుతున్నాయి. నీకెంత చూపిస్తోంది?”

“నాకేమీ కనబడటం లేదు పెద్దయ్యా. గట్టు దాటుతున్నాయా?”

“మబ్బు కమ్మేసింది. నాకూ కనబడటం లా...”

అంతే. తర్వాత రేడియోలో గరగర తప్ప మాట లేదు. సరస్సులోంచి నీళ్లు బయలుదేరితే మా ఊరికి గంట పట్టదు. ఏటి ఒడ్డునే చిన్నపిల్లల బడి, అందులో నూట ఎనభై మంది.

హెర్లిండా మెట్లు దిగి వచ్చి, అందరినీ గుట్ట మీదికి పంపాలంది. ఉప మేయరు బెనిగ్నో ఒప్పుకోలేదు. రెండేళ్ల కిందట ఉత్తపుణ్యానికి సైరన్ మోగి, తొక్కిసలాటలో ఒకామె తుంటి విరిగింది. ఆ భయం అతనిది.

“నీటిమట్టం అంకె లేకుండా ఊరినంతా పరిగెత్తిస్తావా?” అన్నాడు.

“అంకె లేదు. పోయింది నా వల్లే. రేపు నన్ను తీసేయండి. ఇప్పుడు బడి ఖాళీ చేయించాలి” అంది. జవాబు కోసం ఆగలేదు.

వెళ్తూ వెళ్తూ, ఆరేళ్ల కిందట కంప్యూటరు బిగించిన ఇంజనీరు లాడిస్లావోను ఎలాగైనా పట్టుకోమని నాకు చెప్పింది. అతను ఇప్పుడు తీరంలో ఏదో చేపల ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఆరో ప్రయత్నానికి ఫోను ఎత్తాడు.

ఈలోగా బజారులో ఉడికిన మొక్కజొన్న అమ్మే ఆవిడ, “కంప్యూటరు పాడైతే వరదొస్తుందా అక్కా?” అని నవ్విందట. బడిలో ప్రధానోపాధ్యాయురాలు సైరన్ ఏదీ అని అడిగిందట. హెర్లిండా వివరించే ప్రయత్నం చేయలేదు. ఒకటో తరగతిలోకి వెళ్లి ఇద్దరి చేతులు పట్టుకుని గుట్ట వైపు నడిచింది. మిగతా పిల్లలు వెనకాలే వెళ్లారు. అది చూసి టీచర్లూ కదిలారు.

లాడిస్లావోకు పాస్‌వర్డ్ గుర్తు రాలేదు. అప్పట్లో అన్నిటికీ తన కుక్క పేరే పెట్టేవాణ్ణని, దాని వెనక ఏదో సంవత్సరం ఉండేదని అన్నాడు. అతను ఒక్కో సంవత్సరమే చెబుతుంటే మేడమీద ఆమె కంప్యూటరులో నేను కొట్టాను. ఎనిమిదోసారికి కంప్యూటరు తెరుచుకుంది. నీటిమట్టం గీతలు తెర మీద ఒక్కొక్కటిగా నిండాయి. రెండు గంటల అయిదు నిమిషాలకు సరస్సు మట్టం నిటారుగా లేచింది. సరస్సుకూ ఊరికీ మధ్య ఏట్లో పెట్టిన కొలమానం చూపే మట్టం కూడా అప్పటికే లేచి ఉంది. ఎవరినీ అడక్కుండా సైరన్ నొక్కాను.

పావుగంటకు మొదట వాసన వచ్చింది, తడి మట్టి వాసన. తర్వాత రాళ్లు దొర్లే చప్పుడు. కాలివంతెన పోయింది. పందుల దొడ్లు పోయాయి. బడి వెనక గోడ కూలి, తరగతి గదుల్లో కిటికీల దాకా బురద నిండింది. మనుషులెవరూ పోలేదు. ఎపిఫానియో రేడియో స్తంభం కూలిందట. మర్నాడు పొద్దుగూకే వేళ కుంటుకుంటూ దిగి వచ్చాడు.

విచారణలో హెర్లిండా ఎవరి పేరూ చెప్పలేదు, హెచ్చరిక మీద ‘సరే’ నొక్కింది నేనే అంది. నెలరోజులు సస్పెండ్ చేశారు. బడిపిల్లల తల్లులు ఆమె గడప దగ్గర బంగాళాదుంపలు పెట్టి వెళ్లేవారు. ఆమె బయటికి వచ్చి పలకరించేది కాదు.

తిరిగి వచ్చాక మేడ ఎక్కనంది. ఇప్పుడు నా ఎదుటి బల్ల దగ్గర కూర్చుని జననాలు రాస్తుంది. ఒకసారి మాత్రం నాతో అంది, “ఆ హెచ్చరిక చదవకుండా నొక్కానని అందరూ అనుకుంటున్నారు. నేను చదివాను తమ్ముడూ. అర్థమయ్యే నొక్కాను.” వాన పట్టిన మధ్యాహ్నాలు ఆమె కలం ఆగిపోతుంది. ఏటి చప్పుడులో తేడా ఏమైనా ఉందేమోనని ఇద్దరం వింటూ కూర్చుంటాం.