బూడిదతో తోమిన వేళ్ళు

మా పిన్ని గత మంగళవారం ఉదయం, ముంచింగిపుట్టు దారిలోని బాలికల వసతిగృహంలో, పొయ్యి మీంచి రాగుల చోడంబలి దించిన కాసేపటికి కన్నుమూసిందని తెలియజేయడానికి చింతిస్తున్నాను. గుండె ఆగిందని వైద్యాధికారి రాశారు. మరణ ధ్రువపత్రంలో పేరుకు, వయసుకు, కారణానికి గడులున్నాయి. ఈ నిష్క్రమణ స్వచ్ఛందమా కాదా అనే గడి మాత్రం లేదు. ఆ ప్రశ్న ఆమెను బతికుండగానే ఒకసారి అడిగేశారు గనుక నాకది లోటుగా తోచలేదు.

పాఠకుల సౌలభ్యం కోసం పూర్వాపరాలు మనవి చేస్తాను. ఆమె మా అమ్మకు చెల్లెలు. నేను బడిలో ఉండగా ఒక ఏజెంటు వెంట గల్ఫుకు వెళ్ళి, ఒకే ఇంట్లో పదకొండేళ్ళు పనిచేసింది. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లను పొత్తిళ్ళ నుంచి పెంచింది. అరబ్బీ ఆమెకు వంటింటి మేరకే వచ్చు. అందుచేత పిల్లతో మన మాటే మాట్లాడింది. ఫలితంగా ఆ దేశంలో ఒక పెద్దింటి గుంట కారు డ్రైవరును "బేగి, బేగి!" అని తొందరపెట్టేది, కంచంలో నచ్చనిది పడితే "ఏటిది?" అని తోసేసేది. ఈ సాంస్కృతిక మార్పిడికి ఏ ప్రభుత్వమూ నిధులు కేటాయించినట్లు నా దృష్టికి రాలేదు.

పిన్ని నివాస కార్డుకు గడువు తీరిపోయినా యజమాని కొత్తది చేయించలేదు. ఆ సంగతి ఆమెకు తెలియదు. పిల్లకు ఆరేళ్ళప్పుడు ఒక సాయంత్రం దగ్గు పట్టుకుంది. "బేగి వచ్చేత్తాను, తొంగో" అని చెప్పి పిన్ని మందుల దుకాణానికి వెళ్ళింది. తిరిగి వస్తుంటే మలుపులో పోలీసులు కార్డు అడిగారు.

నిర్బంధ కేంద్రంలో నలభై రోజులుంది. ఆ కాలంలో అక్కడ పట్టుకోవడాలు, పంపివేయడాలు పెరిగాయని పత్రికలు రాసేవి. అయితే పంపివేసినవారి వరుసలో కంటే, తమంతట తామే వెళ్ళినవారి వరుసలో అంకె పెరగడం ఏ కార్యాలయానికైనా గౌరవప్రదం. కాబట్టి ఒకరోజు ఆమె ముందు ఒక కాగితం పెట్టారు. స్వచ్ఛందంగా వెళ్తున్నానని, మళ్ళీ రానని అందులో ఉందట. పది వేళ్ళ ముద్రలూ వేయించుకున్నారు. తరువాత ఒక డబ్బాలోకి చూడమన్నారు. ఫొటో అనుకొని ఆమె కొంగు సర్దుకుంది. బయట తాళం వేసిన గదిలోంచి మనిషి స్వచ్ఛందంగా ఎలా వెళ్తుందన్నది పరిపాలనా శాస్త్రంలో ఇంకా పరిశోధన జరగవలసిన అంశం. ఆమె మూత విప్పని దగ్గుమందు సీసాతో విశాఖపట్నంలో దిగింది.

తరువాతి పద్నాలుగేళ్ళు ఆమె ఆ వసతిగృహంలో వంటమనిషి. మంచు దిగే నెలల్లో ఏ పిల్ల దగ్గినా మిరియాల కషాయంతో ఆ మంచం పక్కన ప్రత్యక్షమయ్యేది. పెరట్లో ఎర్రమట్టితో తనే వేసుకున్న పొయ్యి ఉండేది. శనివారం శనివారం దాన్ని అలికి, పొయ్యి నోటి దగ్గర తడిమట్టిలో కుడిచేతి వేళ్ళు అదిమేది. అంట్లు మాత్రం ఆ పొయ్యి బూడిదతో, కొబ్బరిపీచుతో తోమేది. సబ్బుపొడి, స్టీలు పీచు, చేతి తొడుగులు అన్నీ సరఫరా అయ్యాయి. అన్నీ అటక మీద భద్రంగా ఉన్నాయి. డేక్సాలు తళతళలాడిన తరువాత కూడా తోముతూనే ఉండేది.

కారణం నాకొక్కడికే చెప్పింది.

"ఏళ్ళ మీద గీతలు అరిగిపోతే ఆ మిషను నన్ను పోల్చుకోదు కదేట్రా? అప్పుడు కొత్త మనిషినైపోతాను. ఎల్లి గుంటని ఒక్కపాలి సూసి వొచ్చేత్తాను."

"అది ఇప్పుడు గుంట కాదు పిన్నీ. ఇరవయ్యేళ్ళుంటాయి."

"దాని వయసు పెరుగుతాది గాని, నా మాటకి వయసు పెరుగుతాదేటి?"

ఆమె చూసిన డబ్బా కనుపాపను నమోదు చేసే యంత్రమని నాకు తెలుసు. చెప్పలేదు. ఆమె పంపిన డబ్బుతోనే విశ్వవిద్యాలయంలో చదివాను. సమాచారాన్ని మర్యాదగా తొక్కిపెట్టే విద్య అక్కడే పట్టుబడింది. దాన్ని మొట్టమొదట ఆమె మీదే ప్రయోగించాను.

చౌకధరల దుకాణంలో ఆమె వేలిముద్ర పడడం మానేసిన రోజు నాకు బాగా గుర్తు. నేను వెంట ఉన్నాను. డీలరు వేలు మార్చి వేలు పెట్టించి విసుగెత్తాడు.

"అత్తా, మిషను ఒప్పుకోట్లేదు. అసలు నువ్వున్నావా, పోనావా?"

"పోనాననే రాసుకోరా అల్లుడూ! ఆ ఊరి మిషను కూడా ఈ మాటే అనాల."

బియ్యం రాకపోయినా, పెళ్ళివారింటి నుంచి వస్తున్న మనిషిలా నడిచింది. సంతలో నాకు బెల్లం కొనిపెట్టింది. స్వదేశం తనను గుర్తించనందుకు అంత సంబరపడిన పౌరురాలిని నేను మరొకరిని ఎరుగను.

మూడు నెలలకు డీలరు కొత్త యంత్రం తెచ్చాడు. "ఏలక్కర్లేదత్తా, కన్నెట్టు" అన్నాడు. చూడగానే యంత్రం ఆమెను ఒప్పుకుంది. బియ్యం సంచి అక్కడే వదిలేసి, నేరుగా మా అరుగు మీదికి వచ్చింది.

"ఆ డబ్బా... అది ఫొటో కాదా?"

"కాదు పిన్నీ."

"నీకెప్పట్నించి తెలుసు?"

"మొదట్నించీ."

చాలాసేపు అరచేతులు చూసుకుంది. "కన్నెలాగ అరగ్గొట్టాల్రా? ఏడిస్తే అరుగుతాదేటి?" అంది. లేచి చీర దులుపుకుంటూ, "పోన్లే, డేక్సాలైనా మెరిసినాయి" అని నవ్వింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఈనాడు నాకు కొంత తేలికగా ఉండేది.

మర్నాడు క్షమాపణ చెబుదామని వసతిగృహానికి వెళ్ళాను. పెరట్లో కూర్చుని, బూడిదతో, కొబ్బరిపీచుతో, నిన్నటిలాగే తోముతోంది. "అంబలి తాగెల్లు" అంది, అంతే. పోయే ముందు రోజు దాకా అలాగే తోమింది.

చర్చి వెనుక ఆమెను మట్టిచేశాక సామాను తెచ్చుకోవడానికి వెళ్ళాను. రెండు చీరలు, దగ్గుమందు సీసా. సీసా మీద రాసిన గడువు ఎప్పుడో తీరింది. పెరట్లో కొత్త వంటావిడ పొయ్యి అలకబోతుంటే పిల్లలు అడ్డం నిలబడ్డారు. "ఆ మూల వొద్దక్కా! అవి ఆంటీ ఏళ్ళు."

వంగి చూశాను. కిందటి శనివారం అదిమిన అయిదు గుంటలు. ఎండిన మట్టిలో పీచు పోగుల గుర్తులు కూడా తెలుస్తున్నాయి గాని, వేళ్ళ గుంటల్లో మాత్రం ఒక్క గీతా లేదు. అయిదూ నున్నగా ఉన్నాయి. తన వంతు పని ఆమె పూర్తి చేసింది. లోపల పొద్దుటి నిప్పు ఇంకా ఆరలేదు. నా వేళ్ళు ఆనిస్తే ఆ గుంటలు గోరువెచ్చగా తగిలాయి. వెనక నుంచి ఎవరో చిన్నపిల్ల కంచం మోగిస్తూ పిలుస్తోంది: "బేగి రండి, బేగి!"